రోము కవి చెప్పని జాతకాలు

కాసులమ్మ మొగుడు గవరయ్యకి నోట్లో నువ్వుగింజ నానదు. ఇంట్లో పొద్దున చెవిన పడిన మాట మధ్యాహ్నానికల్లా కలకత్తాలో తను కూలిపని చేసే ఖిదిర్‌పూర్ ఓడల డాకులో దించేసి వస్తాడు.

ఆ రోజు కూతురు తవిటమ్మ తొమ్మిదింటి బస్సెక్కాలి. పదకొండింటికి ఎమ్మే నోటి పరీక్ష. తప్పితే మళ్లీ ఏడాదికే. ఆమె చదివింది రెండు వేల ఏళ్ల కిందటి రోము కవిని. చుక్కల మీదా, విధి మీదా పద్యాలు రాసి, లోకం మరిచిపోయినవాణ్ణి.

ఎనిమిదింటికి తలుపు తీస్తే గుమ్మంలో పదకొండు మంది.

"పాపా, నా జాతకం సూడమ్మా," అన్నాడు ముందున్న మరియదాసు. "మా పోపుగారి ఊరు పుస్తకవట, అబద్దం సెప్పదు."

"అందులో జాతకాలుండవు సిన్నాన్నా, పద్దేలు."

"పన్నెండు గళ్ల సక్రం మీ అయ్య సూసేడట!"

వదిలించుకుందామని తవిటమ్మ, "ఎప్పుడు పుట్టేవు?" అంది.

"పెద్ద గాలివాన ఏడు. మాయమ్మ కళ్లం కాడుంది."

వెనకున్న దేముడు, "గోధుమల ఓడ ఇసకలో దిగబడిందే, ఆ మర్నాడు నేను," అన్నాడు.

తవిటమ్మ గడియారం వంక చూసి తల పట్టుకుంది. అంతే, దేముడు అరుగు మీద కూలబడ్డాడు. "సెడ్డది కనబడింది. దాస్తంది!" ఆ ఏడుపు విని వీధంతా వచ్చింది. యూనియన్ నాయకుడు సత్యారావు ఎర్రజెండాతో వచ్చి, "మూఢనమ్మకాలు మానండి కామ్రేడ్స్!" అని గర్జించి, వంగి మెల్లగా, "నాది ఏ రాశో సూడమ్మా," అన్నాడు.

ఈలోగా బస్సు వెళ్లిపోయింది. తవిటమ్మ కళ్లు నిండాయి.

"ఏటి సెప్పినావయ్యా ఈళ్లకి?" కాసులమ్మ మొగుణ్ణి లోపలికి లాగింది.

"రెండేళ్లనుంచి నీ కూతురేటి సదువుతోందని అడుగుతున్నారే. రోము కవంటే నవ్వేరు. సుక్కల శాస్త్రం అన్నాను. ఎవుడూ నవ్వలేదు."

తిట్టబోయిన కాసులమ్మ అతని చెయ్యి వదిలేసింది. గుమ్మంలోకి వచ్చి అరిచింది. "పాపకి పరీచ్చ! బస్సెళిపోనాది!"

వీధి వీధంతా సత్యారావు జెండా వెనకాల రోడ్డెక్కింది. ఊళ్లోకి పోతూ అక్కడ ఆగని వేరే బస్సు డ్రైవరు, ఇదేదో మిఛిల్, అంటే పార్టీ ఊరేగింపు అనుకుని, ఆ ఊరి మర్యాద ప్రకారం కిక్కురుమనకుండా ఆపేశాడు. తవిటమ్మ ఎక్కింది.

సాయంత్రం ప్యాసై వచ్చింది. "ఇప్పుడీ కవిని ఎవరు పట్టించుకుంటారని అడిగేరు. మా వీధి మొత్తం అన్నాను. నవ్వేరు గానీ, మంచి నవ్వే."

గవరయ్య తల వంచుకున్నాడు. "తప్పు నాదేనమ్మా. నాకు తెలీనిది తెలీదని సెప్పాల్సింది."

ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆ మాట వినడం కాసులమ్మకిదే మొదలు. సరిగ్గా వినబడలేదని చెప్పి, మళ్లీ ఒకసారి అనిపించుకుంది.