నల్ల బాడీయా, వెండి బాడీయా?

"ఈ వీధిలో పదకొండేళ్లుగా ఒక్క హత్య కూడా జరగలేదు. ఎందుకు? నేనున్నాను కాబట్టి!"

ఈ మాట అన్న మహానుభావుడు నా సెలూన్లో కిటికీ పక్క కుర్చీలో, మొహం నిండా సబ్బు నురగతో, నల్ల కళ్లద్దాలు తీయకుండా గడ్డం గీయించుకుంటున్నాడు. తీయమంటే తీయడు. తన చూపు ఎటుందో శత్రువుకి తెలియకూడదట. ఉద్యోగం కరెంటు మీటర్ల రీడింగు తీయడం. ఊపిరి మాత్రం డిటెక్టివు పని. ‘డేగ’ అని తనకి తనే పేరు పెట్టుకున్నాడు. విజిటింగ్ కార్డు మీద ‘డేగ, అపరాధ పరిశోధకుడు’ అని వేయమంటే, ప్రెస్సువాడు ‘డేగ, అపరాధి, పరిశోధకుడు’ అని వేసిచ్చాడు. ఐదొందల కార్డులు. పారేయడానికి మనసొప్పక అవే పంచుతున్నాడు.

ఇంతవరకూ అతని చేతిలో పడ్డ కేసులు రెండు. ఒకటి, తన సొంత గొడుగు పోయిన కేసు. రెండోది, ఆ గొడుగు తీశాడన్న అనుమానంతో పక్కింటి లెక్కల మాస్టారిని మూడు రోజులు వెంబడిస్తే, ఆ మాస్టారు ఇతని మీద పెట్టిన కేసు. ఆ గొడుగు నా సెలూన్లోనే, నేను తువ్వాళ్లు ఆరేసుకునే మేకుకి వేలాడుతూ దొరికింది.

"తలనొప్పిగా ఉంది. మేధస్సు ఎక్కువైతే ఇంతే" అంటూ గడ్డం తుడుచుకుని ఎదురుగా ఉన్న మందుల షాపుకి వెళ్లాడు. నాలుగు నిమిషాల్లో తిరిగొచ్చాడు. మాత్ర తేలేదు. మొహం సున్నం కొట్టినట్టుంది. లోపలికొచ్చి తలుపు గడియ పెట్టాడు. బయట ఇద్దరు కస్టమర్లు ఉండిపోయారు.

"మిత్రమా! మృత్యువు మన వీధిలోకి వచ్చేసింది."

"ఏ నంబరు ఇంటికి?"

"హాస్యం కాదు. హంతకురాలు ఎవరో తెలుసా? మందుల షాపు అక్క!"

నాకు నవ్వాగలేదు. ఆ అక్క కేకలకి వీధంతా హడలిపోతుంది, నిజమే. దగ్గు మందు అడిగితే ముందు చివాట్లు పోసి ఆ తర్వాతే మందు పోస్తుంది. కానీ ఎవరికైనా జ్వరమొస్తే ఇంటికొచ్చి మరీ మింగించి వెళ్లే మనిషి.

"ఫోన్లో మాట్లాడుతోంది. అరల వెనక నిలబడి విన్నాను. పొల్లు పోకుండా రాసుకున్నాను" అని మీటరు బిల్లు ఒకటి జేబులోంచి తీసి, దాని వెనక రాసుకున్నది చదివాడు. "‘బాడీ ఒక్కటే చాలండీ. మిగతా సామానేం వద్దు. నల్లదా, వెండిదా అన్నదే తేల్చుకోలేకపోతున్నా. అటు చూస్తే అదీ బాగుంది, ఇటు చూస్తే ఇదీ వదలబుద్ధి కావట్లేదు. రేపు సాయంత్రం ఆయనకి ఆఖరి రోజు. ఆలోపు పని అయిపోవాలి. ఆయనకి మాత్రం చచ్చినా తెలియకూడదు.’ ఇప్పుడు చెప్పు. బాడీ అంటే ఏమిటి?"

"లోపల తొడుక్కునేదేమో గురూ."

"శవం!" అని కుర్చీ మీద గుద్దాడు. కుర్చీ గిర్రున తిరిగి అతని మోకాలికి కొట్టుకుంది.

"రేపు బావగారు రిటైరవుతున్నారయ్యా. ఆఖరి రోజంటే అదీ" అన్నాను.

అక్క భర్తని అందరం బావగారనే అంటాం. పెద్దాసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తారు. ముప్పై ఏళ్ల సర్వీసు. మాట తక్కువ మనిషి. రిటైర్మెంటు దగ్గర పడేకొద్దీ ఆ ఉన్న నాలుగు మాటలూ రెండయ్యాయి.

"అదే ఆవిడ తెలివి!" అన్నాడు డేగ. "అందరూ నీలాగే అనుకుంటారు. ఇక నలుపూ వెండీ సంగతి. ఆ ఇంట్లో మగవాళ్లెవరు? వెండితీగల్లాంటి జుట్టుతో భర్త. కాటుకలాంటి జుట్టుతో తమ్ముడు. ఇద్దరిలో ఎవర్ని లేపెయ్యాలో తేల్చుకోలేకపోతోంది. పాపం, నిద్ర కూడా పట్టి ఉండదు."

"ఆ పాపమేంటి మధ్యలో?"

"డిటెక్టివుకి హృదయం కూడా ఉంటుంది."

పోలీసులకి చెబుదామా అంటే వద్దన్నాడు. పేరు వాళ్లకి పోతుందట. పోనీ బావగారికి చెబుదామన్నాను. "బాధితుడు బెదిరిపోతాడు. బాధితుడు బెదిరితే ఆధారం చెదిరిపోతుంది" అన్నాడు. నాకు ఇదంతా పిచ్చి అని తెలుస్తూనే ఉంది. కానీ ఆ ‘బాడీ’ ఒక్కటి మాత్రం పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది. ఎంత ఆలోచించినా దానికి వేరే అర్థం దొరకలేదు.

మర్నాడు పదకొండు గంటలకి బావగారు గడ్డం గీయించుకోవడానికి వచ్చారు. సాయంత్రం నాలుగింటికి ఆసుపత్రిలో వీడ్కోలు సభ. కుర్చీలో కూర్చుని అద్దంలో తనని తాను ఎవరో పరాయి మనిషిని చూసినట్టు చూసుకుంటున్నారు.

"రేపట్నించి ఏం చేస్తారు బావగారూ?" అనడిగాను.

"అదే తెలీట్లేదు" అన్నారు.

అంతలో డేగ రొప్పుకుంటూ వచ్చాడు. మందుల షాపు వెనక గోడకున్న మీటరు దగ్గర పొద్దుటినుంచీ మకాం. ఆ మీటరు రీడింగు అప్పటికి ఐదుసార్లు తీశాడు. నన్ను చెయ్యి పట్టి మూలకి లాక్కెళ్లాడు.

"తేలిపోయింది! ‘వెండిదైతే వేలిముద్రలు కనపడవా? అయితే వెండిదే ఖాయం’ అంది. వేలిముద్రలు, మిత్రమా! వెండి తల... బావగారు!"

"ఇప్పుడేం చేద్దామంటావు?"

"వెండి తల కోసం వచ్చే కిరాయి హంతకుడికి వెండి తల కనపడకూడదు. రంగు వెయ్యి!"

ఇక బావగారి చుట్టూ చేరి మొదలుపెట్టాడు. సభలో అందరూ ముసలాయన వెళ్లిపోతున్నాడు అనుకోవాలా, కుర్రాడిని అన్యాయంగా పంపేస్తున్నారు అనుకోవాలా? దండ వేసేటప్పుడు తల ఎలా ఉండాలి? బావగారు రెండుసార్లు వద్దన్నారు. మూడోసారి నిట్టూర్చి, "ఏదో ఒకటి కానివ్వండయ్యా" అన్నారు. ఆ గొంతు విని నాకే మనసు చివుక్కుమంది. రంగు కలిపి ఎడమ వైపు నుంచి మొదలుపెట్టాను. డేగ మళ్లీ మీటరు దగ్గరికి పరిగెత్తాడు.

సగం తల పూర్తయి, రంగు బాగా పట్టేవేళకి తలుపు ధడాలున తెరుచుకుంది.

"ఆపు! ఆపు! ఆవిడ మాట మార్చేసింది!"

బావగారు ఉలిక్కిపడ్డారు. "ఎవరు?"

"మీరు కాదు సార్, మీరు బతికే ఉండండి" అని ఆయనకి చెప్పి, నా చెవిలో గుసగుసలాడాడు డేగ. ఆ గుసగుస వీధి చివరికి వినపడి ఉంటుంది. "‘వెండిది ఎండలో మెరుస్తుందా? జనం తిరిగి చూస్తారా? వద్దొద్దు. ఎవరి కంటా పడకూడదు. నల్లదే కానివ్వండి’ అంది. ఇప్పుడు గురి నల్ల తల! నువ్వేమో ఈయన్ని నల్లగా చేస్తున్నావు! హంతకుడికి తోడ్పడతావా?"

"నువ్వేగా వెయ్యమన్నావు?"

"సగమే చచ్చాడు, ఇంకా సగం మిగిలాడు. కడుగు!"

కడిగాను. పట్టిన రంగు పోతుందా? ఎడమ వైపు కాకిరెక్క, కుడి వైపు కొంగరెక్క. బావగారు అద్దంలో చూసుకున్నారు. తలని కుడికి తిప్పి చూశారు, ఎడమకి తిప్పి చూశారు. మళ్లీ కుడికి తిప్పారు.

సరిగ్గా అప్పుడే అక్క తమ్ముడు వచ్చాడు. "బావా, అన్నానికి రమ్మంటోంది అక్క." అతనికి తన జుట్టంటే ప్రాణం. మాట్లాడుతున్నంతసేపూ నా అద్దంలో దాన్నే చూసుకుంటాడు. డేగ "నల్ల తల!" అని గావుకేక పెట్టి, షెల్ఫు మీది పౌడరు డబ్బా మూత తీసి, మొత్తం అతని నెత్తిన బోర్లించాడు. సెలూనంతా మంచు కురిసినట్టయింది. తమ్ముడు తుమ్మడం మొదలుపెట్టాడు. తుమ్మినప్పుడల్లా ఒక తెల్ల మబ్బు లేచేది.

"నీ ప్రాణం కాపాడాను. తర్వాత కృతజ్ఞత చెబుదువుగాని" అన్నాడు డేగ.

"హ్ఛా!" అన్నాడు తమ్ముడు.

ఆ పొగలోంచి డేగకి వీధి అవతల ఒక మనిషి కనపడ్డాడు. సన్నగా, టై కట్టుకుని, రెండు పెట్టెలు రొమ్ముకి హత్తుకుని మందుల షాపు మెట్లెక్కుతున్నాడు. డేగ బాణంలా దూసుకెళ్లి అతని చెయ్యి పట్టుకుని మా సెలూన్లోకి ఈడ్చుకొచ్చాడు.

"నిజం చెప్పు! ఆ పెట్టెల్లో ఏముంది?"

ఆ మనిషి బిత్తరపోయాడు. "బాడీ అండీ."

డేగ మా అందరివైపూ చూశాడు. ఆ చూపులో ఎంత విజయగర్వమంటే, నేను కూడా ఆ పెట్టెలకి దూరంగా జరిగాను.

"నల్లదా? వెండిదా?"

"రెండూ తెచ్చానండీ. మేడం పొద్దుట్నించీ మాట మారుస్తున్నారు. ఎదురుగా పెట్టుకుని చూస్తే తేలిపోతుందని నేనే..."

"రెండు బాడీలా!" అని డేగ రెండు పెట్టెల మీదా ఒక్కసారే పడబోయాడు. నేల మీద తల కడిగిన నీళ్లు. వాటి మీద పౌడరు. వాటిమీద డేగ. కాళ్లు రెండూ పైకి లేచాయి, పెట్టెలు రెండూ ఇంకా పైకి లేచాయి, గాల్లోనే మూతలు ఊడాయి. ఒకదాంట్లోంచి వెండిరంగుది జారి, మూలన నేను ఊడ్చి పోగుపెట్టిన జుట్టు గుట్టలో మెత్తగా కూర్చుంది. రెండోదాంట్లోంచి నల్లది ఎగిరి అద్దం వైపు వెళ్తోంది.

బావగారు కుర్చీలోంచి కదల్లేదు. చెయ్యి మాత్రం చాపారు. అది వచ్చి నిబ్బరంగా ఆ చేతిలో వాలింది. ముప్పై ఏళ్లు చీకటిగదిలో ఒక్క ఎక్స్‌రే ప్లేటు కూడా జారనివ్వని చెయ్యి మరి.

"కెమెరా!" అన్నాను నేను.

"కెమెరానే కదండీ! మాది కెమెరాల షాపండీ!" అన్నాడు టై ఆయన, ఏడుపు గొంతుతో. "లెన్సు లేకుండా వట్టి దాన్ని బాడీ అంటామండీ. చూపించడానికని నల్లదానికి చిన్న లెన్సు ఒకటి నేనే తగిలించి తెచ్చానండీ."

గుమ్మంలో అక్క నిలబడి ఉంది. మా కేకలకి షాపు వదిలేసి వచ్చినట్టుంది. ఆవిడ ముందు తమ్ముణ్ణి చూసింది. నేల మీద వెల్లకిలా పడ్డ డేగని చూసింది. ఆఖరికి భర్త తలని చూసింది. ఇక మా పని అయిపోయిందనుకున్నాను.

కానీ అక్క మొహంలో కోపం రాలేదు. అంత పెద్ద గొంతూ ఎక్కడికి పోయిందో, చిన్నగా అంది.

"సాయంత్రం సభ అయ్యాక ఇద్దామనుకున్నానండీ. నెల్రోజులుగా మీరు ఇంట్లో గోడల్ని చూస్తూ కూర్చుంటున్నారు. వెండిదయితే మీకు ఆడంబరం అనిపిస్తుందేమోనని, నల్లదయితే మళ్లీ ఆ చీకటిగదే గుర్తొస్తుందేమోనని..." అని ఆగి, మా వైపు తిరిగింది. "ఊరందరికీ ఈయన ఫోటోలు తీశాడు. అన్నీ ఎముకలే. నా ఫోటో ఈయన తీసింది ఒక్కటంటే ఒక్కటే ఉంది మా ఇంట్లో. పెళ్లికి ముందు నేను జారిపడినప్పటిది. నా విరిగిన మోచెయ్యి!"

బావగారు చేతిలోది తిప్పి చూశారు. బొటనవేలితో దాని నల్లటి అంచు నిమిరారు.

"ఏది ఉంచుకుంటారు?" అంది అక్క. "మీరే చెప్పండి. నావల్ల కాదు."

"చేతికొచ్చినదాన్ని ఎందుకు వదులుతాను?" అన్నారు బావగారు. అని నవ్వారు. సగం తల నలుపు, సగం తెలుపు, నోరంతా నవ్వు. ఆయనకి అన్ని పళ్లున్నాయని నాకు ఆరోజే తెలిసింది.

టై ఆయన గుట్టలోంచి వెండిదాన్ని తీసి ఊదుకుంటున్నాడు. డేగ నేల మీదినుంచే చెయ్యెత్తి ప్రకటించాడు. "కేసు పరిష్కారమైంది! బాడీ దొరికింది, హతుడు క్షేమం, హంతకురాలు నిర్దోషి. నా జీవితంలో ఇంత శుభ్రంగా తేలిన కేసు లేదు."

"శుభ్రమా?" అని అక్క పాత గొంతు తిరిగొచ్చింది. "ఈ తలేంటి? వాడి నెత్తినున్నదేంటి? ఐదుసార్లు మా మీటరు దగ్గరేం చేస్తున్నావు నువ్వు?"

"అక్కా, నాలుగింటికి సభ ఉంది" అని నేను అడ్డుపడ్డాను. "మిగతా సగం కూడా నల్లగా చేసెయ్యనా? లేకపోతే ఈ సగం గీసేసి, ఉన్న వెండి ఉంచనా?"

అక్క నోరు తెరిచింది. నలుపు వైపు చూసింది. వెండి వైపు చూసింది. మళ్లీ నలుపు వైపు చూసింది. నోరు మూసుకుంది.

"ఏమీ వద్దు, ఇలాగే వెళ్తాను" అన్నారు బావగారు లేస్తూ. "అందరూ అక్కడ నిలబడండి. కాస్త దగ్గరగా. నువ్వు ముందుకి రా" అని అక్కని పిలిచారు. ఆవిడ పమిట సర్దుకుని, ఎన్నడూ లేనిది, సిగ్గుపడుతూ ముందుకొచ్చి నిలబడింది. పక్కన నేను. వెనక తెల్లటి తమ్ముడు, పెట్టెలతో టై ఆయన. కింద తుంటి పట్టుకుని డేగ.

బావగారు కెమెరా కంటికి ఆనించారు. ముప్పై ఏళ్లు ఎక్స్‌రే గదిలో వాడిన గొంతుతో, గంభీరంగా అన్నారు.

"కదలకండి. గాలి గట్టిగా పీల్చండి. ఆ... ఆపండి."

ఆపాం. ఆయన వెలుతురు చూసుకున్నారు. ఒకడుగు వెనక్కి వేశారు. ఏదో చక్రం తిప్పారు, మళ్లీ వెనక్కి తిప్పారు. డేగ మొహం ఎర్రబడింది, తర్వాత కందిపోయింది. తమ్ముడికి తుమ్ము సగంలో నిలిచిపోయింది. అక్క బుగ్గలు పొంగించుకుని, కళ్లలో నీళ్లు తిరుగుతున్నా రెప్ప వేయకుండా ఆయన్నే చూస్తోంది.

టిక్కుమంది.

బావగారు నింపాదిగా కెమెరా దించి, తీసిన బొమ్మని చాలాసేపు చూసుకున్నారు. మేమింకా బిగపట్టుకునే ఉన్నామని అప్పుడు గుర్తొచ్చినట్టుంది.

"ఇక వదలచ్చు" అన్నారు.