సగం గ్లాసు, జంట కయాక్

పెళ్లానికి ఒక మాట చెప్పడానికి నది మధ్యదాకా వెళ్లాలనుకున్న మగవాడు ఆ వీధి మొత్తానికి నిమిషం గారొక్కరే.

ఆయన గడియారాలు బాగుచేస్తారు. ఎవరొచ్చి ఏమడిగినా కంటికి పెట్టుకున్న భూతద్దం తీయకుండా "ఒక్క నిమిషం" అంటారు. ఆ నిమిషం ఒక్కోసారి ముప్పావుగంట నడుస్తుంది. అందుకే వీధి ఆయనకి ఆ పేరు పెట్టింది. ఇంటి ముందుగదే కొట్టు. కిటికీ పక్కన ఆయన బల్ల, ఎదురుగా భార్య కుట్టుమిషను. వదులైన బట్టలు బిగించడం, బిగుతైనవి వదులు చేయడం ఆవిడ పని. "ఇది ఇక్కడ కూర్చోవాలి, దీని వెనక అది" అని ఆయన తనలో తను గొణుక్కుంటుంటే, ఆ గొణుగుడు వింటూ ఆవిడ ముప్పై ఏళ్లుగా మిషను తొక్కుతోంది.

చెప్పాల్సిన మాట చిన్నదే. ఆయన కుడిచేయి వణుకుతోంది. మూడు నెలల కిందట మొదలైంది. నిద్ర చాలకేమో అనుకున్నారు, చలికేమో అనుకున్నారు. చివరికి పదిహేను రోజుల కిందట ఎవరికీ చెప్పకుండా డాక్టరు దగ్గరికెళ్లారు. ఆ డాక్టరు కాగితం మీద సున్నాలు చుట్టమని, ఆయన చుట్టినవాటిని కాసేపు చూసి, "ఇది పూర్తిగా పోయేది కాదండీ, మందులతో నెమ్మది చేద్దాం" అన్నాడు. ఆవగింజలో సగముండే స్క్రూలు పట్టుకునే చేయి అది. ఆ బల్ల ముందునుంచి లేస్తే తను ఇంక ఎవరన్నట్టు? ఆ ప్రశ్న ఆయన్ని తినేస్తోంది.

ఇంట్లోనే చెప్పొచ్చు కదా అంటే, ఇంట్లో ఫోనుంది. ఫోనుకి అవతల ఆవిడ అక్కగారున్నారు. ఆయన లోపల్లోపల ఆ అక్కగారికి రేడియో వదిన అని పేరు పెట్టుకున్నారు. ఇక్కడ పాలు విరిగితే అక్కడ వార్త మొదలవుతుంది. ఇక చేయి వణుకుతోందంటే వదిన, ఆ వెనక బావమరిది, ఆ వెనక వీధి. అందరూ అయ్యో పాపం అని, ఆ నోటితోనే తమ గడియారాలు తీసుకుని ఇంకో కొట్టుకి వెళ్తారు. పోనీ ఫోను తీసి దాచేద్దామన్నా వంటగది ఉంది. నచ్చని మాటెత్తితే ఆవిడ వంటగదిలోకెళ్లి గిన్నెలతో జవాబు చెబుతుంది.

అలాంటి రోజుల్లో ఒక కాగితం ఆయన కంటపడింది. సాయంత్రం నది మీద కయాక్ విహారం, గైడ్ తోడుంటారు, మధ్యలో బల్లకట్టు మీద భోజనం. చివర చిన్న అక్షరాల్లో, ఫోన్లు ఒడ్డునే తాళం వేసి ఉంచబడును.

ఆ చివరి వాక్యం ఆయన రెండుసార్లు చదివారు. ఫోను లేదు. వంటగది లేదు. లేచి పోదామంటే చుట్టూ నీళ్లు. మాట చెప్పేసి, ఒడ్డుకొచ్చేలోపు ఆవిడచేత రెండు ఒట్లు వేయించుకోవాలి. ఎవరికీ చెప్పకూడదు, కొట్టు మూసేయమనకూడదు.

"పెళ్లిరోజు కదా, నది మీద భోంచేద్దాం," అన్నారు.

"అదైపోయి రెణ్ణెల్లయింది."

"అప్పుడు ఏమీ చేసుకోలేదుగా."

ఆవిడ నోట్లోంచి గుండుసూది తీసి ఆయన్ని ఒకసారి పరికించి చూసింది. "సరే, పదండి," అంది.

ముప్పై ఏళ్ల కాపురంలో మొదటి మాటకే సరే అనడం అదే మొదలు. అనుమానం రావాల్సింది. రాలేదు. విహారానికి నింపాల్సిన పత్రంలో 'ఆరోగ్య సమస్యలు' అన్నచోట 'లేవు' అని రాశారు. ఆ రెండక్షరాలూ కాగితం మీద నిలబడలేక ఊగుతున్నాయి.

నిజానికి ఆవిడ మీద ఆయనకి అప్పటికే లోపల కొంచెం కోపముంది. రెండు నెలలుగా టీ సగం గ్లాసే ఇస్తోంది.

"ఇదేమిటి, చుక్కలు లెక్కపెట్టి పోస్తున్నావా?" అంటే, "కావాలంటే ఇంకో సగం అడగండి, పోస్తాను," అంటుంది. ఆయన అడగరు. సొంతింట్లో టీ అడుక్కోవడమేమిటని పంతం. సగం గ్లాసు తాగి, మిగతా సగం కోపం తాగుతున్నారు.

అది చాలదన్నట్టు చొక్కాలకున్న గుండీలన్నీ పీకేసి, నొక్కితే పట్టుకునే టిచ్ బటన్లు కుట్టింది. "ఈ వయసులో నాకెందుకే ఈ సోకులు?" అంటే, "చేతికి దొరికినవి కుట్టాను," అని ఊరుకుంది.

ఆయనకి ఊరట ఒక్కటే. చేయి వణికినా పని మాత్రం ఆగలేదు. సాయంత్రం ఎంత తిప్పలుపడ్డా కూర్చోని స్క్రూ, మర్నాడు స్నానం చేసొచ్చి చూస్తే చక్కగా బిగిసి ఉంటోంది. బిగించే ఉంటాను, గుర్తులేదంతే అనుకుని మురిసిపోయేవారు. పైగా ఈమధ్య జనం కూడా తొందరపెట్టడం లేదు. "మీకు వీలైనప్పుడే ఇవ్వండి" అని మర్యాదగా వెళ్లిపోతున్నారు. తన పనితనం విలువ వీధికి ఇన్నాళ్లకి తెలిసొచ్చిందని ఆయన నమ్మకం.

నది ఒడ్డున గైడ్ మెళ్లో ఈలతో ఎదురొచ్చారు. ఈ గైడుకి మాటలకంటే ఈలే ముందొస్తుంది, కాబట్టి ఈల మాస్టారు అనుకుందాం. ఇంకో రెండు జంటలున్నాయి. ఒకటి పళ్ల డాక్టరు దంపతులు, రెండోది ఒకరి చేయి ఒకరు వదలని కొత్త దంపతులు. ఆవిడ తన ఫోను కిమ్మనకుండా తీసి పెట్టెలో వేసింది. నిమిషం గారి గుండె తేలికపడింది.

అందరికీ సన్నగా పొడుగ్గా ఉన్న పడవలిచ్చారు. వీళ్లకి మాత్రం పశువుల తొట్టిలాంటి వెడల్పాటి పసుప్పచ్చది.

"మనకే ఎందుకీ తొట్టి?" అన్నారాయన, చిన్నబోయి.

"కుదురుగా ఉంటుంది లెండి," అంది ఆవిడ.

"అమ్మగారు ముందు, సారు వెనక," అన్నారు ఈల మాస్టారు. "ముందున్నవాళ్లు తెడ్డు ఎలా వేస్తే వెనకున్నవాళ్లు అలాగే వేయాలి."

నిమిషం గారికి దిక్కుతోచలేదు. ఆవిడ కళ్లలోకి చూస్తూ చెప్పాలని అద్దం ముందు నాలుగు రోజులు సాధన చేసుకున్నారు. ఇప్పుడు ఎదురుగా కనబడేది లైఫ్ జాకెట్టు వీపు.

"ఎదురెదురుగా కూర్చునే పడవ లేదాండీ?"

"దాన్ని టీకొట్టంటారండీ," అని మాస్టారు ఈల ఊదారు.

పడవలు కదిలాయి. రెండు ఒడ్డుల మీదా ఆఫీసుల దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. వంతెన మీద బస్సులు పోతున్నాయి. ఊరి చప్పుడంతా పైనే ఉండిపోయి, కింద తెడ్ల చప్పుడొక్కటే మిగిలింది.

"ఏమోయ్."

"ఊఁ."

"నీకొక మాట చెప్పాలి."

ఈల మోగింది. "వంతెన స్తంభం! ఎడమకి, ఎడమకి!"

స్తంభం దాటాక ఆయన గొంతు సవరించుకున్నారు. "మనిషన్నాక, శరీరమన్నాక, అన్నీ ఒకేలా ఉండవు…"

"ఎవరు పోయారు?" అంది ఆవిడ వెనక్కి తిరక్కుండానే.

"ఎవరూ పోలేదే!"

"మరి ఆ గొంతేమిటి?"

మాట కూడదీసుకునే కంగారులో చేయి మామూలుకన్నా ఎక్కువ వణికింది. తెడ్డు జారింది. పట్టుకోబోయి ఆయన పక్కకి వంగారు, తొట్టి గిర్రున తిరిగి పళ్ల డాక్టరు పడవని డొక్కలో పొడిచింది. డాక్టరు టోపీ నీళ్లలో పడింది. టోపీ కోసం ఆయన భార్య చాచిన తెడ్డు కొత్త పెళ్లికొడుకు వీపు మీద పడింది. అతను తెడ్డు వదిలేసి పెళ్లాం చేతిని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. వాళ్ల పడవ వెనక్కి వెళ్లి ఇందాకటి స్తంభానికి ఆనుకుంది. ఈల ఆగకుండా మోగుతూనే ఉంది. ఇంత గందరగోళంలోనూ నిమిషం గారి తెడ్డొక్కటే ఎవరికీ ఏమీ కానట్టు వంతెన కిందనుంచి నింపాదిగా వెళ్లిపోతోంది.

మాస్టారు వెంటపడి దాన్ని పట్టుకొచ్చారు.

"తడికి జారిందండీ," అన్నారు నిమిషం గారు.

"రెణ్ణెల్లుగా మా ఇంట్లో ఏది జారినా తడేనండీ," అంది ఆవిడ మాస్టారుతో. ఆయనతో మాత్రం, "మీరు కూర్చోండి. నేను లాగుతాను," అంది.

బల్లకట్టుదాకా ఆవిడొక్కతే తెడ్డు వేసింది. ఆయన వెనక తపాలా మూటలా కూర్చుని వెళ్లారు.

నది మధ్య లంగరేసిన బల్లకట్టు మీద చిన్న బల్లలు, లాంతర్లు. ఇక్కడైనా ఎదురెదురుగా కూర్చున్నారు. తాడో పేడో ఇప్పుడే తేల్చేయాలని ఆయన నోరు తెరవబోతుండగా మాస్టారు సూపు తెచ్చారు. అందరికీ గిన్నె నిండా పోశారు. నిమిషం గారి ముందు మాత్రం రెండు చెవుల కప్పు పెట్టి, సగం పోసి ఆపేశారు.

ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏమండీ మాస్టారూ, ఇక్కడా కొలతేనా?"

"అమ్మగారు ఫోన్లో చెప్పారుగా సార్," అన్నారు మాస్టారు అమాయకంగా. "చేయి వణుకుతుంది, నిండా పోస్తే నలుగురిలో ఒలికి ఆయన చిన్నబోతారు, సగమే పోయండి అని. వెడల్పు పడవ కూడా ఆవిడే…" అక్కడిదాకా వచ్చాక, నోరుజారానని మాస్టారుకి వెలిగింది. ఈల నోట్లో పెట్టుకుని, ఊదడం మర్చిపోయి, పక్క బల్లకి వెళ్లిపోయారు.

నిమిషం గారు కప్పుని పక్కకి జరిపారు.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"మీ గ్లాసు పళ్లెంలో టకటకమన్న రోజునుంచి."

"అయితే టీ…"

"నిండా ఇస్తే వేళ్లు కాల్చుకుంటున్నారు."

"టిచ్ బటన్లు?"

"పొద్దున్నే పావుగంట గుండీతో కుస్తీ పడుతుంటే చూస్తూ కూర్చోనా?"

ఆయనకి ఇంకొకటి అడగాలని ఉంది. అడగాలంటే భయంగా ఉంది. చివరికి అడిగారు. "ఆ స్క్రూలు?"

ఆవిడ బ్రెడ్డు ముక్క తుంచి పక్కన పెట్టింది. "మీరు స్నానానికి వెళ్లినప్పుడు. సూదిలో దారం ఎక్కించే చేయి కదండీ నాది."

ఇన్నాళ్లూ ఆయన పట్టుకుని వేలాడింది ఆ ఒక్క ఆశనే. అది కూడా తన చేయి కాదన్నమాట. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకుందామంటే ఎదురెదురు బల్ల కావాలన్నది తనే.

"అది ఎక్కడ కూర్చోవాలో నాకెవరు చెప్పారనుకున్నారు?" అంది ఆవిడ. "ముప్పై ఏళ్లుగా మీ గొణుగుడు వింటున్నాను. మీరు రాత్రి ఏది గొణిగితే పొద్దున అదే బిగించాను. మీరు గొణగడం మానేస్తే నాకు ఒక్క స్క్రూ కూడా తెలీదు." తుంచిన బ్రెడ్డు ముక్కని ఆయన వైపు జరిపింది. "డాక్టరు దగ్గరికెళ్లారని చొక్కా జేబులో చీటీ చూశాను. ఆయనేమన్నాడో మాత్రం నాకు తెలీదు. అది మీరు చెప్పాల్సిందే."

"తగ్గదట," అన్నారాయన. "మందులతో నెమ్మదిస్తుందట. తగ్గదు మాత్రం."

నదంతా చుట్టి తెచ్చిన మాట మూడు ముక్కల్లో అయిపోయింది. ఆవిడ తల ఊపింది. "సూపు చల్లారిపోతుంది, తాగండి," అంది.

తిరుగు ప్రయాణంలో మళ్లీ ఆవిడ ముందు, ఆయన వెనక. కాసేపటికి ఆవిడ తెడ్డు ఆగిపోయింది. లైఫ్ జాకెట్టు వీపు కదులుతోంది. ముఖం కనబడని ఏర్పాటు ఎవరి మంచికో ఆయనకప్పుడు అర్థమైంది. వణికే చేత్తోనే తెడ్డు వేశారు. తొట్టి వంకరగా పోయింది, కానీ ఆగలేదు. కొంతదూరం ఆయనే లాగారు. తర్వాత ఆవిడ భుజానికి ముఖం తుడుచుకుని మళ్లీ తెడ్డు అందుకుంది.

"వదినగారికి తెలుసా?" అన్నారు, ఎందుకైనా మంచిదని.

"మొదటి వారమే."

"బావమరిదికి?"

"అక్కకి తెలిశాక వేరే చెప్పాలా?"

"వీధికి?"

"మిమ్మల్నెవరైనా తొందరపెడుతున్నారా?"

నిమిషం గారు రెండు నెలల మర్యాదలన్నీ ఒక్కొక్కటిగా గుర్తుచేసుకున్నారు. 'మీకు వీలైనప్పుడే ఇవ్వండి.' అందరికీ తెలుసు. ఒక్కరూ గడియారం తీసుకుని వేరే కొట్టుకి పోలేదు. సిగ్గుతో తల దించుకున్నారు. అయినా ఆ సిగ్గులో ఏదో హాయిగా ఉంది.

"ఒడ్డొచ్చేలోపు నాకొక మాటివ్వాలి మీరు," అంది ఆవిడ.

తను వేయించుకుందామనుకున్న ఒట్టు తన మెడకే చుట్టుకుంటోందని ఆయనకి తెలిసింది. "ఏమిటి?"

"ఏది కావాలన్నా అడగాలి. పంతం పట్టకూడదు."

"ఒక్క నిమిషం," అన్నారాయన అలవాటుగా.

"ఎంతసేపైనా తీసుకోండి. తెడ్డు నేనే వేస్తున్నాగా."

మర్నాడు పొద్దున ఆయన బల్ల ముందు కూర్చుని గొణుక్కుంటున్నారు. ఆవిడ రోజూలాగే సగం గ్లాసు పెట్టి, మిషను దగ్గరికి వెళ్లిపోయింది. ఆయన తాగారు. ఖాళీ గ్లాసుని చూశారు. కిటికీలోంచి వీధిని చూశారు. చాలాసేపు పట్టింది.

"ఏమోయ్. ఇంకో సగం."

మిషను ఆగింది. ఆవిడ లేచొచ్చి రెండో సగం పోసి, అక్కడే నిలబడి ఫోను చేసింది. ఆయన వద్దనలేదు.

"అక్కా," అంది. "ఇవాళ అడిగారు."

అక్కతో గంటలు గంటలు మాట్లాడే మనిషికి ఆ తర్వాత మాట రాలేదు. అటువైపు రేడియో కూడా మోగలేదు. ఆయన గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని, నెమ్మదిగా తాగారు.