జ్ఞానయ్య ఇంటి ముందు తెల్ల టెంటు

ఆ శుక్రవారం పొద్దున జ్ఞానయ్య కుటుంబం వేసుకున్న పథకం చాలా చిన్నది. అత్తాపూర్‌లో దవాఖానా నుంచి డిశ్చార్జి కావాలి. ఆరాంఘర్ చౌరస్తాలో ట్రాఫిక్ ముదరకముందే దాటాలి. శంషాబాద్‌లో వీధి జనం ఎవరి పనుల మీద వాళ్లు పోయిన వేళ చూసుకుని ఇంట్లో దూరిపోవాలి. టెంట్ హౌస్ జ్ఞానయ్య కొత్త కుర్చీలు కొనడానికి నాగపూర్ పోయి వచ్చాడని లోకం అనుకోవాలి. ఆయన ఛాతీలోంచి నిమ్మకాయంత గడ్డ తీశారన్న సంగతి భార్య యేసమ్మకు, కూతురు జెరూషాకు, బామ్మర్ది వినోద్ కుమార్‌కు తప్ప నరమానవుడికి తెలియకూడదు.

ఈ రహస్యమంతా ఒక్క మనిషి కోసం. కందుకూరులో ఉండే అక్క ముత్తమ్మ. తల్లి పోయాక జ్ఞానయ్యను చంకనేసుకుని పెంచింది ఆవిడే. ఆవిడ భర్త బుచ్చయ్యకు చాలా ఏళ్ల కిందట ఛాతీ మధ్యకు కోసి ఆపరేషన్ చేశారు. మనిషి ఇంటికి తిరిగి రాలేదు. అప్పటి నుంచి ముత్తమ్మ లెక్కలో ఛాతీ కోయించుకోవడమూ, శవపేటిక చేయించుకోవడమూ ఒకటే. తమ్ముడికి ఆపరేషనని తెలిస్తే ఆవిడ గుండె ఆగినా ఆగుతుంది. ఆగకపోతే దవాఖానా గేటుకు అడ్డంగా పడుకుంటుంది. రెండింటిలో ఏది జరిగినా జ్ఞానయ్య తట్టుకోలేడు.

"అంత నయమైనంక నేనే మెల్లగ చెప్త," అన్నాడు ఆయన. "అప్పటిదాంక ఎవరన్న నోరు తెరుస్తే చూడుండ్రి!"

ఫోన్లు కూడా ఆపేయించాడు. యేసమ్మకు అబద్ధం చెప్పడం రాదు. ఫోనెత్తిందంటే మొదటి మాటకే దొరికిపోతుంది.

ముందురోజు సాయంత్రం డాక్టర్ అనుపమ వచ్చి జాగ్రత్తలు చెప్పింది. "కోతలు చిన్నవేనండి. రోబో చేతులతో పక్కటెముకల సందుల్లోంచే చేశాం. కానీ ఊపిరితిత్తులు బాగా విచ్చుకోవాలి. రోజూ పొద్దున, సాయంత్రం నడవండి. ఎండలో మాత్రం వద్దు." ఆ మాట విన్నవాళ్లలో వినోద్ కూడా ఉండటం ఈ కథకు మూలం.

వినోద్‌కు నలభై దాటాయి. బావ టెంట్ హౌస్‌లోనే పని, బావంటే ప్రాణం. అసలే మే నెల. ఇల్లు చూస్తే మంచం దాటితే గోడ, గోడ దాటితే వీధి. మరి బావ నడిచేదెక్కడ? ఊరందరికీ నీడ పరిచే మనిషి తను ఎండలో నడవడమా? తెల్లవారేసరికి గోదాములోంచి సామాను తెచ్చి, వీధి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా టెంటు వేసేశాడు. రంగుల బట్టలన్నీ పెళ్లిళ్లకు పోయాయి కాబట్టి తెల్లవి కట్టాడు. తెల్లవైతే చల్లగా కూడా ఉంటుంది. నడిచి అలిసిపోతే బావ ఎక్కడికక్కడ కూలబడడానికి వరసగా కుర్చీలు వేశాడు. మూలన మంచినీళ్ల క్యాన్లు పెట్టాడు. చేతులు దులుపుకుని చూసుకుంటే అతనికే ముచ్చటేసింది.

రంగుల టెంటు, సీరియల్ లైట్లు ఉంటే పెళ్లి. పొద్దున లేచేసరికి తెల్ల టెంటు, ఉత్త కుర్చీలు ఉంటే ఎవరో పోయినట్టు. ఈ సంగతి ఆ వీధిలో చంటిపిల్లలకు కూడా తెలుసు. వినోద్‌కు అందరికంటే బాగా తెలియాలి. కానీ బతుకంతా ఇంకొకరి వాకిట్లో టెంట్లు వేసినవాడికి, సొంత వాకిట్లో వేస్తే ఎట్లా కనిపిస్తుందో తట్టలేదు.

ఎదురింటి రేఖ వాకిట్లో నీళ్లు చల్లడానికి వచ్చి, బకెట్ అక్కడే వదిలేసింది.

"వినోదూ! ఏమైందిరా? మీ బావ నాగపూర్‌కెల్లి వచ్చిండా?"

నోరు తెరవొద్దన్న ఆజ్ఞ వినోద్‌కు గుర్తొచ్చింది. మాట్లాడకుండా తల దించుకుని, మొహం పక్కకు తిప్పుకుని, కళ్లలోకి కారుతున్న చెమటను తువ్వాలుతో తుడుచుకున్నాడు.

"అయ్యో దేవుడా!" అంది రేఖ.

చాయ్ మరిగేలోపు వార్త వీధంతా పాకింది. వీధి నుంచి చర్చికి, చర్చి నుంచి కందుకూరుకు చేరింది. ఇంటివాళ్ల ఫోన్లు కలవకపోయేసరికి ఎవరికీ అనుమానమే లేకుండా పోయింది. జనం ఒక్కొక్కరే వచ్చి మౌనంగా కూర్చోసాగారు. బావను పరామర్శించడానికి వచ్చారనుకున్నాడు వినోద్. ఎవరు చెప్పారో ఏమో, తనైతే చెప్పలేదు. జనం పెరిగితే కుర్చీలు పెంచడం అతనికి ఊపిరి తీసినంత అలవాటు కాబట్టి పెంచుతూ పోయాడు. పూలదండలు వచ్చినప్పుడు కూడా మర్యాదే అనుకున్నాడు. శవాన్ని ఉంచే గాజు మూత ఫ్రీజర్ బాక్స్ ఆటో ట్రాలీలోంచి దిగినప్పుడు మాత్రం చేతిలో కుర్చీ వదిలేసి పరుగెత్తాడు.

అది తెచ్చినవాడు రాఘవేందర్. ఊళ్లో ఇంకో టెంట్ హౌస్ అతనిదే. "జ్ఞానయ్యన్న నాకు పోటీ గని పగోడు కాదు," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "నా చేతుల మీద గింతన్న చేస్త."

"ఓ అన్నా, ఎవ్వరు పోలే!" అని అరిచాడు వినోద్. "మా బావ మంచిగున్నడు! నడుసుకుంట వస్తడు!"

రాఘవేందర్ అతన్ని గట్టిగా వాటేసుకున్నాడు. "పాపం, మనసు ఒప్పుకుంటలేదు. జర నీళ్లియ్యుండ్రి."

నలుగురు ఆడవాళ్లు వినోద్‌ను కుర్చీలో కూర్చోబెట్టారు. ఇక అతను నిజం చెబుదామని నోరు తెరిచినప్పుడల్లా ఎవరో ఒకరు అందులో నీళ్లు పోశారు.

జెరూషా కారు మలుపు తిరిగేసరికి వీధి మూసుకుపోయి ఉంది. కారులోంచే జ్ఞానయ్య ఉసూరుమన్నాడు. "మన గల్లిల ఈరమ్మ ముసల్ది పోయినట్టుంది, పాపం. టెంటు మనదే. మంచిగనే కట్టిండు వినోద్‌గాడు, గా మూలకు తాడు జర లూజుంది."

ముగ్గురూ దిగి టెంటు కిందికి వచ్చారు. సరిగ్గా అప్పుడే పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు. అందరివీ వంచిన తలలు, మూసిన కళ్లు. ప్రార్థన మొదలైతే ఎక్కడివాళ్లక్కడ నిలబడి కళ్లు మూసుకోవాలని చిన్నప్పుడు అక్క మొట్టికాయలు వేసి మరీ నేర్పింది. జ్ఞానయ్య చేతులు కట్టుకుని కళ్లు మూశాడు. తల్లీకూతుళ్లూ మూశారు.

"ప్రభువా, నీ బిడ్డ ఎంత మంచి మనిషో నీకు తెలుసు. విరిగిన కుర్చీ ఒక్కటి కూడా ఎవరింటికీ పంపలేదు..."

ఈరమ్మ కుర్చీల వ్యాపారం ఎప్పుడు చేసిందబ్బా, అనుకున్నాడు జ్ఞానయ్య.

"మందిరంలో వెనక కూర్చుని కునికినా, పాట వచ్చేసరికి అందరికంటే గట్టిగా పాడేవాడు. అట్లాంటి మా సహోదరుడు జ్ఞానయ్యను నీ సన్నిధికి..."

జ్ఞానయ్య కళ్లు తెరుచుకున్నాయి. అయినా అక్క పెంపకం గట్టిది, మధ్యలో మాట్లాడలేదు. చివరిదాకా ఆగి, అందరితో పాటు "ఆమేన్" అన్నాడు. అలవాటు కొద్దీ అందరికంటే గట్టిగా అన్నాడు.

జనం వెనక్కి తిరిగారు. ముందు వరసలో ఒకాయన కుర్చీతో సహా వెల్లకిలా పడ్డాడు. రేఖ దండలు వదిలేసి గుమ్మంలోకి పరుగెత్తింది. జ్ఞానయ్య చూపు మాత్రం గాజు పెట్టె మీద ఆగిపోయింది.

"వినోదూ! మన గోదాంల బాక్సులుండంగ రాఘవేందర్‌ది ఎందుకు తెప్పిచ్చినవ్‌రా? ఇజ్జత్ పోయె గదరా!"

వినోద్ జవాబు చెప్పేలోపే కందుకూరు ఆటో వచ్చి ఆగింది. ముత్తమ్మ జుట్టు విరబోసుకుని దిగింది. ఎవర్నీ చూడలేదు. తిన్నగా పోయి ఖాళీ పెట్టె మీద పడింది.

"నన్ను సాగనంపాల్సినోనివి, నువ్వే ముందు పోతివా తమ్మీ! నాకెవరున్నర్రా ఇగ!"

అక్క అంతలా ఏడవడం బావ పోయిననాడు తప్ప జ్ఞానయ్య చూడలేదు. "అక్కా," అన్నాడు, "నేనీడున్న."

ముత్తమ్మ తిరిగి చూసింది. తమ్ముడి మొహం తడిమింది, భుజాలు తడిమింది. నమ్మకం కుదిరాక, ఇంత ఏడిపించినందుకు వీపు మీద ఒక్కటి చరిచింది. జ్ఞానయ్య "అమ్మా!" అని పక్క పట్టుకుని వంగిపోయాడు.

"ఏందిరా గది? పక్కకేమైంది?"

జ్ఞానయ్య ఇంకా అబద్ధం వెతుక్కుంటుండగానే యేసమ్మ ఏడుపు గొంతుతో చెప్పేసింది. "ఆపరేషనైంది వదినా. ఛాతికి."

ముత్తమ్మ కుర్చీలో కూలబడింది. "ఏడ కోసిండ్రు? చూపెట్టు," అంది.

జ్ఞానయ్య చొక్కా ఎత్తాడు. పక్కటెముకల మధ్య మూడు నాలుగు చిన్న పట్టీలున్నాయి, అంతే. ముత్తమ్మ వంగి చూసింది. ఛాతీ మధ్య కూడా వెతికింది.

"గింతేనా? గింత సందులకెల్లి గడ్డ ఎట్లొచ్చింది?"

"మిషన్ చేతులు లోపల పెడ్తరు. డాక్టరమ్మ పక్కకు కూసొని, లోపలిదంత చూసుకుంట గా చేతులను ఆడిస్తది. ఆమె చెయ్యి కదుల్తెనే మిషన్ కదుల్తది. గడ్డను లోపల్నే సంచిల ఏసి గుంజిండ్రు." జ్ఞానయ్య గొంతు తగ్గింది. "నువ్వు భయపడ్తవని చెప్పలేదక్కా. తప్పయింది."

తిట్ల వాన కోసం అందరూ ఎదురుచూశారు. ముత్తమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"నాకు గూడ ఉందిరా," అంది.

"ఏందక్కా?"

"గడ్డ. ఊపిరితిత్తిల. చిన్నదే, ఇప్పుడే తీస్తే ఏం కాదన్నరు. మీ బావ లెక్క అయితదని నేనే పోలే. నీకు చెప్తే ఎత్తుకపోయి కోయిస్తవని చెప్పలే."

తన ఆపరేషన్‌కు లోపలికి తీసుకుపోతున్నప్పుడు కూడా పుట్టని భయం జ్ఞానయ్యకు అప్పుడు పుట్టింది. అక్క భయపడుతుందని తను దాస్తే, తన చేతికి దొరక్కూడదని అక్క ఇంకా పెద్దది దాచింది. ఆవిడ చేయి పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగినా దాచుకోలేదు. "రేపే పోదామక్కా. నీకెట్ల తియ్యాల్నో డాక్టరమ్మ చూసి చెప్తది."

ముత్తమ్మ పట్టీలను ఇంకోసారి చూసింది. "ఆమె చెయ్యి మంచిదేనా?"

"నన్ను చూడు. నువ్వు గుద్దినా నిలవడ్డ."

ఆవిడ నవ్వింది. జుట్టు ముడివేసుకుని, కొంగు దోపుకుంది. "సరే, పోదాం పా. గని ఒక్క మాట. నాకు ఆపరేషనని ఎవ్వరికి తెల్వద్దు."

పాస్టరుగారు, రాఘవేందర్, ట్రాలీ డ్రైవరుతో సహా టెంటు కిందున్న వందమందీ ఎవ్వరికీ చెప్పమని ఒప్పుకున్నారు.