అంకె కనిపిస్తే కుర్చీలు

ఆ ఉదయం కుర్చీలాయన చేతిలో ఉన్న సరుకు ఇది: గోడౌను నిండా అద్దె కుర్చీలు, ఒక వ్యాను, ఎక్కడికి వెళ్ళమన్నా ఎందుకని అడగని డ్రైవరు, ప్రతిదానికీ ఎందుకని అడిగే భార్య. వీటికి తోడు కంప్యూటర్ భాష పైథాన్‌లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల మీద కాస్త అభ్యాసం. ఈ చివరిది కొత్త పెట్టుబడి.

పెట్టుబడి పెట్టించింది బావమరిది. అతనిది కంప్యూటర్ ఉద్యోగం. "మెసేజీల గుట్టలోంచి నీక్కావలసినవి ఏరిపెడుతుంది బావా. ఎలాంటివి కావాలో నమూనా రాసిస్తే చాలు" అని ఆశ పెట్టాడు. అప్పటినుంచి కుర్చీలాయన రోజూ పొద్దున్నే టీ చల్లారబెట్టుకుని, పాత ఆర్డర్ల మీద నమూనాలు సాధన చేస్తున్నాడు.

మొదటి నమూనా బుద్ధిగానే రాశాడు. ముందు అంకెలు, తర్వాత ఒక ఖాళీ, ఆపైన 'కుర్చీలు' అన్న మాట. మూడూ వరసగా ఉంటేనే ఆర్డరు. ఆర్డరు దొరికితే ప్రోగ్రామే "పంపుతున్నాం" అని జవాబిస్తుంది. ఫోన్‌లో దాచుకున్న చిరునామా తీసి, ఎన్ని కావాలో చేర్చి డ్రైవరుకు పంపుతుంది. అంతా బాగానే ఉంది కానీ, ఎవరో "50 తెల్ల కుర్చీలు" అని రాశారు. మధ్యలో 'తెల్ల' అడ్డుపడింది. ప్రోగ్రాము ఆ మెసేజీని పట్టించుకోలేదు. ఆ బేరం ఎదురు షాపుకు పోయింది. కుర్చీలాయనకు అన్నం సహించలేదు.

"మధ్యలో ఏ మాటైనా రావచ్చని రాయి బావా. చిన్న మార్పే" అన్నాడు బావమరిది ఫోన్‌లో.

"మధ్యలో మాట సంగతి వదిలెయ్. అసలు కుర్చీలన్న మాటే ఎందుకు? నాకు మెసేజ్ పెట్టేవాడు కుర్చీలకి కాకపోతే ఏనుగులకి పెడతాడా?"

"అలా కాదు బావా, నా మాట విను..."

"నువ్వు పుట్టకముందు నుంచీ వ్యాపారం చేస్తున్నా. గిరాకీ ఎవరో నాకు తెలీదా?"

ఆ మాట తీసేశాడు. నమూనాలో ఇక మిగిలింది అంకెలే. పాత ఆర్డర్ల మీద నడిపి చూస్తే ఒక్కటీ జారిపోలేదు. తప్పుగా పట్టుబడడానికి వాటిలో ఆర్డర్లు తప్ప ఇంకేమీ లేవు. ఆ సంగతి ఆయనకు తట్టలేదు. ఇంటికీ షాపుకూ ఒకటే నంబరు. రెండోది దండగ ఖర్చని మొదట్లోనే తేల్చేశాడు. మార్చిన ప్రోగ్రామును ఆ నంబరుకే తగిలించాడు.

ఆ సాయంత్రమే ఆడపిల్లల కాలేజీ వార్షిక సభ. ఏడాది మొత్తంలో ఆయనకు అంతకంటే పెద్ద బేరం లేదు. పోయినసారి కుర్చీలు ఆలస్యమైతే ప్రిన్సిపల్ మేడమ్, "ఈసారి ఇలా జరిగితే షాపు మారుస్తాం" అని నవ్వకుండా చెప్పింది. ఆవిడ మెసేజ్ కోసమే ఆయన ఎదురుచూపు. ఫోన్ టింగుమన్నప్పుడల్లా ఒక బేరం తగిలిందని మురిసిపోయాడు. తెరిచి మాత్రం చూడలేదు. కూర్చుని చూసుకునేటట్టయితే ప్రోగ్రాము దేనికి? ఫోన్‌లోనే కరెంటు బిల్లు కట్టి, భోంచేసి, షాపులోనే నడుం వాల్చాడు.

భార్య ఫోనుకు మెలకువ వచ్చింది.

"ఏమండీ, ఇంటికి ఆరు కుర్చీలు పంపారేంటి?"

"నేనెందుకు పంపుతానే?"

"పంపుతున్నాం అని మీరే మెసేజ్ పెట్టారు. డ్రైవరు దించి వెళ్ళిపోయాడు. నేను తెమ్మన్నది 6 గుడ్లండీ!"

కుర్చీలాయన లేచి కూర్చున్నాడు.

"ఇప్పుడేం చేయమంటారు? కుర్చీ కొట్టి ఆమ్లెట్ వేయనా?"

గబగబా ఫోన్ తిరగేశాడు. పళ్ళ డాక్టరు ఆసుపత్రి నుంచి "మీ టోకెన్ 40" అని వచ్చింది. అక్కడికి నలభై వెళ్ళాయి. వెంటనే డ్రైవరుకు ఫోన్ చేశాడు.

"ఎన్ని మిగిలాయిరా గోడౌన్లో?"

"చీపురు మిగిలింది సార్."

"మిగతావన్నీ ఏమయ్యాయి?"

"బ్యాంకుకి సార్. లక్షల్లో అడిగారు. అన్ని మన దగ్గర లేవు కదా, ఉన్నవన్నీ దించి మిగతావి తర్వాతిస్తామని చెప్పొచ్చా."

కరెంటు బిల్లు కట్టేటప్పుడు బ్యాంకు పంపిన ఓటీపీ అది.

"అన్ని లక్షల కుర్చీలు బ్యాంకులో ఎక్కడ పడతాయని ఆలోచించొద్దా?"

"నన్ను ఆలోచించమని మీరెప్పుడన్నారు సార్?"

అప్పుడు కనిపించింది మేడమ్ మెసేజ్. "ఎప్పటిలాగే మూడు వందలు. సాయంత్రం ఐదింటికి." అంతా అక్షరాల్లోనే ఉంది. ఒక్క అంకె లేదు కాబట్టి ప్రోగ్రాము దాన్ని చూసీ చూడనట్టు పోయింది. అంకె రాసిన ప్రతివాళ్ళకీ కుర్చీలు చేరాయి, కుర్చీలు అడిగిన మనిషికి తప్ప.

వ్యాను పరుగులు మొదలుపెట్టింది. ఆసుపత్రిలో కుర్చీలన్నీ నిండిపోయి ఉన్నాయి. "లేవమంటే నోరు తెరిచి పుచ్చుపళ్ళు చూపిస్తున్నారు సార్" అన్నాడు డ్రైవరు. బ్యాంకుకు వెళితే తలుపులు మూసేశారు. తాళాలు మేనేజరు దగ్గర. మేనేజరు కాలేజీలో. ఆ సభకు ముఖ్య అతిథి ఆయనే.

చివరకు ఇంట్లో దించిన ఆరింటినీ ఎక్కించుకుని కుర్చీలాయన కాలేజీకి చేరాడు. పిల్లలంతా మైదానంలో నిలబడి ఉన్నారు.

"వేదిక మీదికి సరిపోతాయి మేడమ్" అన్నాడు మెల్లగా.

"పిల్లలు నిలబడి ఉంటే మేం కూర్చుంటామా? తీసుకెళ్ళండి" అంది మేడమ్.

సభ మొదలైంది. మైకు దొరికితే వదలడని పేరున్న మేనేజరు, ఒక కాలి మీద కాసేపు, ఇంకో కాలి మీద కాసేపు నిలబడి, పొదుపు గురించి నాలుగు మాటలు చెప్పి నిజంగానే పొదుపు చేశాడు. నివేదిక చదవాల్సినాయన సగం పేజీలు జేబులోనే ఉంచేసుకున్నాడు. వెలుతురుండగానే సభ ముగిసింది. పిల్లలు అరచేతులు ఎర్రబడేలా చప్పట్లు కొట్టారు.

మేడమ్ తనవైపే రావడం చూసి కుర్చీలాయన వ్యాను చాటుకు జరిగాడు.

"ఇన్నేళ్ళలో ఇంత చక్కటి సభ జరగలేదండీ" అంది ఆవిడ. "కుర్చీలు లేకుండా కావాలనే చేశారా?"

క్షమాపణ నాలుక చివరి దాకా వచ్చింది. కానీ చేతికందిన మెప్పును వదులుకోవడం ఆయన వ్యాపారంలో లేదు.

"అవును మేడమ్. మీ కోసమే ఆలోచించి చేశా."

"ఎంత మంచి ఆలోచన! ఇకమీదట మా సభలన్నీ ఇలాగే. మిగతా కాలేజీలకి కూడా మీ పేరు చెప్పి మరీ చెప్తాను."

పక్కనే ఉన్న మేనేజరు కాళ్ళు పిసుక్కుంటూ, తమ బ్యాంకు మీటింగులకూ ఇదే పద్ధతి పెడతానని మాటిచ్చాడు.

మర్నాటికి కుర్చీలన్నీ గోడౌనుకు తిరిగొచ్చాయి. నిలబడి జరిపే సభలు ఊరంతా పాకాక పెళ్ళిళ్ళ వాళ్ళు తప్ప అడిగేవాళ్ళు లేక, ఆ వరసలు కదలడం మానేశాయి. కుర్చీలాయన ఆ రోజు లావాదేవీలన్నీ తీసివేసి చూసుకుంటే నికరంగా మిగిలింది ఊరందరి మెప్పు. అది అద్దెకు పోయే సరుకు కాదు.