తీరిక లేనివారికి మాత్రమే

"తీరిక లేని చిన్న వ్యాపారులందరినీ ఆర్థిక అక్షరాస్యులుగా తీర్చిదిద్ది తీరతాం!" అని సంబంధిత శాఖవారు మా వీధి మొగలో బ్యానరు కట్టించారు. మావారు దాన్ని రెండుసార్లు చదివి, "నాకోసమే!" అన్నారు.

మావారిది సూట్‌కేసులు బాగుచేసే దుకాణం. పెళ్లయిన నాటినుంచి నేను వింటున్న మంత్రం "తీరిక లేదు". వంటింటి కుళాయి కారినా తీరిక లేదు, మా అన్నయ్య వచ్చినా తీరిక లేదు. ఎవరైనా దుకాణంవైపు వస్తున్నట్టు కనబడితే చాలు, ఖాళీ పెట్టెలు బల్లమీద బార్లా తెరిచి, పెదవుల మధ్య స్క్రూలు పెట్టుకుంటారు! అలాంటి మనిషి తరగతికి బయలుదేరడానికి కారణం ఒక్కటే. దుకాణం గది యజమాని అడ్వాన్సు పెంచాడు. నెలాఖరులోగా కట్టకపోతే ఖాళీ చెయ్యాలి. ఆ తరగతి ధ్రువపత్రం ఉంటే తక్కువ వడ్డీకి అప్పిస్తారట. పాఠం అర్థంకాకపోతే అడగడానికి నన్నూ వెంటబెట్టుకెళ్లారు.

హాలునిండా కుర్చీలు. మనుషులం మేమిద్దరమే. మమ్మల్ని చూసి అధికారి ఉలిక్కిపడ్డాడు.

"ఎందుకొచ్చారు?"

"తరగతికండీ. సూట్‌కేసులు బాగుచేసే దుకాణం నాది," అన్నారు మావారు.

"ఇది తీరిక లేనివాళ్లకి."

"నాకు ఊపిరి పీల్చుకునే తీరిక కూడా లేదండీ!"

"లేకపోతే ఇక్కడికెలా వచ్చారు?"

మావారు బిత్తరపోయి నావైపు చూశారు. ఆ మంత్రం పారకపోవడం ఇదే మొదలు.

"తీరిక లేనివాళ్లు మరి రాలేరు కదండీ?" అన్నాను.

"రారమ్మా. అదే వాళ్ల అర్హత! రానివాళ్లకి ధ్రువపత్రాలు ఇంటికే పంపుతున్నాం. మీ పక్క చెప్పుల దుకాణం ఆయనకి అందిందిగా."

చెప్పుల దుకాణం ఆయన గల్లాపెట్టెమీద తలపెట్టి గుర్రుకొడుతుంటే చూసే వచ్చాం!

"పాఠం ఎవరు చెబుతారండీ?"

"నేనే. అర్హులు వస్తే చెబుతా. ఇంతవరకూ ఒక్కరూ రాలేదు. తరగతి నూటికి నూరుపాళ్లు జయప్రదం!"

దారిపొడుగునా మావారు గొణుగుతూనే ఉన్నారు. "ఎంత అన్యాయమే! నాకు తీరిక ఉందట!"

"అధికారికంగా తేలిందిగా. ఇంటికెళ్లి ఆ కుళాయి సంగతి చూడండి," అన్నాను.

అడ్వాన్సు గడువు రేపనగా, నేను క్యారేజీ ఇవ్వడానికి దుకాణానికి వెళ్లాను. అంతలో ఆ అధికారే పెద్ద సూట్‌కేసు ఈడ్చుకుంటూ వచ్చాడు.

"తాళం బిగుసుకుపోయిందయ్యా! సాయంత్రం రైలుకి వెళ్లాలి. తరగతి నడిపినందుకు సన్మానం. నా ఉపన్యాసం, కోటు అన్నీ ఇందులోనే ఉన్నాయి!"

మావారి ముఖం వెలిగిపోయింది. స్క్రూడ్రైవరు అందుకోబోతుంటే కాలు తొక్కాను. ఒక్క క్షణం తెల్లబోయారు. తర్వాత అర్థమైంది.

"తీరిక లేదండీ," అన్నారు. ఎన్నేళ్ల సాధన! గొంతు తొణకలేదు.

"దుకాణంలో ఎవరూ లేరుగా?"

"ఎవరూ లేకపోబట్టే అన్నీ నేనే చూసుకోవాలి."

"అరగంట పనయ్యా!"

"అర నిమిషం కూడా లేదండీ."

అధికారికి చెమటలు పట్టాయి. నేను స్టూలు జరిపి కూర్చోమన్నాను.

"వీరికి తీరిక లేదని మీకు నమ్మకం కుదిరిందాండీ?"

"కుదిరిందమ్మా, కుదిరింది!"

"అయితే అర్హులే కదా?"

అధికారి నన్ను ఎగాదిగా చూశాడు. చేతిసంచీలోంచి ధ్రువపత్రం తీసి, సంతకం చేసి, ముద్ర కూడా కొట్టాడు.

"ఇక కానివ్వండి."

"ఇప్పుడు చేస్తే తీరిక ఉన్నట్టే కదండీ," అన్నారు మావారు, పత్రాన్ని జేబులో భద్రంగా పెట్టుకుంటూ. "ఇది చెల్లకుండా పోతుందేమో!"

అధికారి వీధికి అటూ ఇటూ చూశాడు. లేచి, తన చేత్తోనే షట్టరు సగం దించాడు.

"ఎవరూ చూడరు. ఇక కానివ్వండి."

"చాటుగా చేసే పనికి రేటు రెట్టింపండీ," అన్నాను. "అలా ఎందుకో మీ పాఠంలో ఉండే ఉంటుంది."

"ఏమోనమ్మా," అన్నాడాయన పర్సు తీస్తూ. "ఆ పాఠం చదవడానికి నాకెక్కడిది తీరిక!"