తిరుమలగిరి రాయి, మిర్యాలగూడ చిరునామా

సూర్యాపేటలో చరిత్ర పాఠాలు చెప్పే స్వరూప ఆ ఆదివారం పొద్దున పెట్టుకున్న పని చిన్నదే: రెండు వీరగల్లులను లింకు చేసి, ఇడ్లీ తినాలి. పోరులో చనిపోయిన వీరుల బొమ్మలు చెక్కిన ఇలాంటి రాళ్ల వివరాలను ఎవరైనా వాడుకునేలా నెట్‌లో పెట్టి, ఒకదానితో ఒకటి కలపడమే ఆమె పరిశోధన. ఒక రాయి తిరుమలగిరి దగ్గర సైదులు గొర్రెల దొడ్డిలో ఉంది. రెండోది మిర్యాలగూడలో ఆనందం రైస్ మిల్లు గేటు పక్కన ఉంది. రెండింటిలోనూ కత్తి పట్టిన వీరుడు, కాళ్ల దగ్గర గొర్రె. ఇంత దూరంలో ఇంత పోలిక ఎలా వచ్చిందబ్బా అన్న ధ్యాసలో ఆమె 'ఒకేలాంటివి' అనే బదులు 'రెండూ ఒకటే' అని నొక్కేసింది.

కంప్యూటరుకు అనుమానాలుండవు. రెండు రాళ్లనూ ఒకటి చేసి, చిరునామా మిర్యాలగూడ అని రాసుకుంది. ఆ వివరాలు వాడుకునే సైట్లన్నీ అదే పాట ఎత్తుకున్నాయి. కోదాడ చరిత్ర అభిమానుల వాట్సాప్ గ్రూపయితే తిరుమలగిరి రాయిని ఎవరో తరలించేశారని తేల్చేసింది.

పది గంటలకు సైదులు ఫోన్ చేశాడు. మంద దూరపు మేతకు కదిలే ముందు ఆ రాయికి పొట్టేలును కోయడం వాళ్ల ఆనవాయితీ, అదీ ఆ రోజే.

"మేడం, అసలు రాయి మిర్యాలగూడల ఉంటే మా దొడ్లున్నది నకిలీదా? ఇగ దేనికి మొక్కాలె?"

"తప్పు నాది సైదులన్నా. మీదే అసలుది."

"మరి ఫోన్ల గట్ల లేదు గదా."

మొక్కు తీరందే మంద కదలదు. దొడ్డిలో గడ్డి పరక లేదు, మూడు వందల గొర్రెలు ఆకలికి అరుస్తున్నాయి. స్వరూపకు నిజంగా ఏడుపొచ్చింది. లింకు విడగొట్టి, ఇడ్లీ మాట మరిచి తిరుమలగిరి బస్సెక్కింది.

ఆమె చేరేసరికి మిల్లు యజమాని ఆనందం అక్కడే ఉన్నాడు. రాయి దొంగ అన్న పేరు వస్తుందని హడలిపోయి, తన రాయిని వ్యానులో వేసుకుని తనే వచ్చాడు. తాతల కాలం నుంచీ అది తమ గేటు దగ్గరే ఉందని కనిపించిన వారందరికీ చెప్పుకుంటున్నాడు. స్వరూప రెండూ వేరని నచ్చజెప్పబోయింది గానీ ఎవరూ వినలేదు. సైదులు తల్లి చంద్రమ్మ రెండు రాళ్లనూ కడిగి, చేత్తో తడిమి చూస్తోంది.

"గీయన మా పెద్దాయన. గా మిల్లు కాడి నుంచి వచ్చినాయన తమ్ముడు. మందను తోల్కొని కృష్ణ దిక్కు పోయి మళ్ల రాలేదని మా అత్త చెప్పేది."

"ఎట్ల గుర్తు పట్టినవమ్మా?" సైదులు అడిగాడు.

"గాయన కత్తి ఎడమ చేతిల ఉన్నది సూడు. మా ఇంట్ల చిన్న కొడుకులంత ఎడమచేతి వాటమే."

మూడేళ్లుగా ఆ ఫొటోలు చూస్తున్న స్వరూప సిగ్గుపడుతూ నోట్‌బుక్ తీసింది.

అన్నదమ్ములిద్దరికీ మొక్కు చెల్లింది, మంద కదిలింది. తమ్ముణ్ని ఇన్నేళ్లు సాకినవాడు ఇక తమ చుట్టమేనని చంద్రమ్మ పొట్టేలు తలకాయను మోదుగాకుల్లో చుట్టి ఆనందం చేతుల్లో పెట్టింది.

ఆనందం ఇంట్లో ఉల్లిపాయ కూడా తరగరు.