పదింటికి పెద్దాయన

కోడలి ల్యాబ్‌కి వెళ్లి, పరీక్షకి ఒక్క చుక్క రక్తం ఇచ్చి, భోజనం వేళకి ఇల్లు చేరి కునుకు తీయాలని మామగారు ఆ ఉదయం అనుకున్నారు. వయసు మీదపడితే ఒంట్లో రోగాలతో పోరాడే కణాలు బద్ధకిస్తాయట. పళ్లలో ఉండే యాంటీఆక్సిడెంట్లు పడితే అవి మళ్లీ నడుం బిగిస్తాయా అన్నదే కోడలి పరిశోధన. ఆ పరిశోధన ధర్మమా అని ఆయనకి రోజూ గ్లాసెడు నారింజ రసం.

గ్లాసు పెదాల దాకా వచ్చిందో లేదో, వంటింట్లోంచి ఆమె ఫోన్ మాటలు వినపడ్డాయి.

"పెద్దాయన ఎలా ఉన్నాడు? మందు తాగుతున్నాడుగా? ఇంక చాల్లే, పదింటికి కోసేద్దాం. పాపం ముసలి ప్రాణం, నొప్పి తెలియనివ్వద్దు."

ఆ పెద్దాయన తనే అనుకున్నారు మామగారు. రసం వాష్‌బేసిన్‌లో పారబోసి, బాత్‌రూమ్‌లో దూరి గడియ పెట్టుకుని కూతురికి ఫోన్ కొట్టారు.

"అమ్మాయ్, మీ వదిన నన్ను కోసేస్తుందట!"

"ఎందుకు నాన్నా?"

"పరిశోధనట! మొన్న కాఫీ చల్లారిందన్నాను, అది మనసులో పెట్టుకుంది!"

కూతురు వెంటనే అన్నయ్యకి ఫోన్ చేసి "ల్యాబ్‌లో నాన్నని కోస్తున్నారు!" అని ఘొల్లుమంది. అతను ఆపరేషన్ అనుకున్నాడు. రక్తం కావాలంటూ ఆఫీసంతా లేవదీశాడు.

ఇక్కడ కోడలు తలుపు తడుతోంది. "రండి మామయ్యా, టైమవుతోంది. భయమా? చీమ కుట్టినట్టుంటుంది, అంతే."

దారి పొడుగునా ఆయన కారు తలుపు పిడి మీద చెయ్యి వేస్తూ, తీస్తూనే ఉన్నారు.

ల్యాబ్‌లో సహాయకుడు బల్ల మీద కత్తెర పెట్టి, "పెద్దాయన్ని తెమ్మంటారా మేడమ్?" అన్నాడు.

"నేనిక్కడే ఉన్నాను బాబూ" అన్నారు మామగారు నీరసంగా.

అప్పుడే కొడుకు బిలబిలమంటూ ఆఫీసు జనంతో వచ్చి పడ్డాడు. "మా నాన్నకి ఎంత కావాలంటే అంత రక్తం తీసుకోండి!" ఎవరి మోచెయ్యో తగిలి అరమీది పంజరం ఒకటి కిందపడింది. అందులోంచి ఒక నెరిసిన ఎలుక బయటికి దూకింది.

"అయ్యో, పెద్దాయన! పట్టుకోండి!" అని కోడలు కేక పెట్టింది.

అందరూ వెళ్లి మామగారిని పట్టుకున్నారు.

ఈ తోపులాటలో ఎలుక ఆయన కాలి మీదుగా పాకి చొక్కా జేబులో దూరింది. ఆయన ఎలుకని చూశారు, కత్తెరని చూశారు.

"కోసేది దీన్నా?"

"అవును మామయ్యా. మందిచ్చిన ముసలి ఎలుకల్లో ఇదే చివరిది. ఇలా ఇవ్వండి."

మామగారు జేబుకి చెయ్యి అడ్డం పెట్టారు. "చస్తే ఇవ్వను. పొద్దుట్నుంచీ దీని భయమంతా నేను పడ్డాను!"

"మీరిచ్చినా ఇంకేం పనికొస్తుంది? ఇంతమందిలో తిరిగాక అది లెక్కలోకి రాదు!" అంటూ కోడలు తల పట్టుకుంది.

పెద్దాయన ఇప్పుడు ఇంట్లోనే మకాం. నారింజ రసం రాగానే మామగారు ముందు దానికో చుక్క పోస్తారు, అది కాసేపు గెంతులేయడం చూశాక గాని తాను తాగరు.